ఉష్ణ-ఆర్ద్ర వాతావరణంలో ఈతకొలను లోపలి పూత: ఎంపికకు ప్రాతిపదికలు

ఈతకొలను లోపలి పూత మన్నికను ప్రధానంగా నీటి రసాయన సమతుల్యతే నిర్ణయిస్తుంది. దానిని అంచనా వేసే సూచికను లాంజిలియర్ 1936లో ప్రతిపాదించారు. విశాఖపట్నం వంటి తీరప్రాంతాలలో ఈ సూచిక ఏడాదిలో రెండు దిశలకూ మారుతుంది. వేసవిలో నీరు వేడెక్కిన కొద్దీ కాల్షియం కార్బొనేట్ కరిగే గుణం తగ్గి, అది గోడలపై పెచ్చుగా పేరుకుంటుంది. వర్షాకాలంలో కాల్షియం దాదాపు లేని వాననీరు కలియడం వల్ల కొలనులోని నీరు పూతలోని సున్నాన్ని కరిగించుకుంటుంది.

తెల్ల సిమెంటు, పాలరాతి పొడి కలిపిన పూతకు ఈ రెండు స్థితులూ హానికరమే. పెచ్చును తొలగించడానికి ఆమ్లంతో కడిగితే పాలరాయి కూడా కరుగుతుంది. క్వార్ట్జ్ రేణువులు ఆ ఆమ్లానికి లొంగవు. మోస్ కొలమానంలో పాలరాతిలోని కాల్సైట్ కాఠిన్యం 3 కాగా, క్వార్ట్జ్‌ది 7. అయితే వాటిని బంధించేది సిమెంటే కనుక ఆ పూత కూడా క్రమంగా గరుకెక్కుతుంది. ఎపాక్సీ రంగు చవకైనదే గాని, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు సుద్దలా రాలుతుంది. గాజు మొజాయిక్ నీటిని దాదాపు పీల్చుకోదు. దాని బలహీనత బిళ్ళల మధ్య సందులలో ఉంటుంది. వాటిని సిమెంటుతో గాక ఎపాక్సీ గ్రౌట్‌తో నింపడం మేలు.

కాబట్టి వ్యయం భరించగలిగినచోట గాజు మొజాయిక్, లేనిచోట క్వార్ట్జ్ పూత యుక్తమైనవి. పూత ఏదైనా, పీహెచ్‌ను 7.2–7.8 మధ్య నిలపడం, భారీ వర్షం తరువాత కాల్షియం, క్షారత స్థాయిలను పరీక్షించడం తప్పనిసరి.