కార్యాలయోద్యోగుల కండర, కీళ్ల నొప్పులు: కారణాలు – పరిశోధన దృష్టి

వ్యాససంగ్రహం:
మెడ, భుజాలు, నడుము, మణికట్టు నొప్పులు కార్యాలయోద్యోగులలో తరచుగా కనిపిస్తాయి. వీటిని కూర్చునే తీరులోని లోపంగా మాత్రమే భావించి, బాధ్యతను ఉద్యోగిపైనే మోపడం పరిపాటి. పని స్వభావం, మానసిక ఒత్తిడి కూడా ఈ నొప్పులకు ఎలా కారణమవుతాయో వివరించి, పరిశోధనలో వాటికి ఇవ్వవలసిన స్థానాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వృత్తివ్యాధులు, కండర నొప్పి, నిశ్చల భారం, మానసిక ఒత్తిడి, కార్యాలయోద్యోగులు.

1. ప్రవేశిక:
ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లో వృత్తివ్యాధులపై లాటిన్ భాషలో ఒక గ్రంథం ప్రకటించాడు. 1713 నాటి రెండవ కూర్పులో లేఖకుల వ్యాధులనూ చర్చించాడు. వారి బాధలకు ఆయన మూడు కారణాలు చెప్పాడు. అవి: ఎడతెగక కూర్చోవడం, చేతిని ఒకే తీరుగా నిరంతరం కదిలించడం, తప్పు దొర్లకూడదన్న మనోవ్యగ్రత. కలం స్థానంలో కీబోర్డు వచ్చినా ఈ మూడూ తొలగిపోలేదు. అయితే మొదటి రెండింటికి లభించే ప్రాధాన్యం మూడవదానికి తరచుగా లభించదు.

2. నిశ్చల భారం:
ముందుకు వాలి కూర్చున్నప్పుడు కటి వెనుకకు తిరిగి, నడుము సహజమైన వంపు తగ్గుతుంది. వెన్నుపూసల మధ్యనున్న డిస్కులపై ఒత్తిడి పెరుగుతుంది. తల తెర వైపు వంగితే దానిని నిలిపి ఉంచడానికి మెడ వెనుక కండరాలు ఎడతెగక బిగిసి ఉండవలసి వస్తుంది. నడకలో కండరం బిగుస్తూ సడలుతూ ఉండడం వల్ల రక్తప్రసరణ సాఫీగా సాగుతుంది. విడవని బిగింపులో ఆ వెసులుబాటు ఉండదు.

బరువులు ఎత్తని పనిలో ఇంత నొప్పి ఎందుకు? 1991లో హెగ్ ప్రతిపాదించిన ‘సిండ్రెల్లా పరికల్పన’ దీనికి ఒక సమాధానం. కండరం తక్కువ బలం ఉపయోగించినప్పుడు కూడా కొన్ని చిన్న తంతు సమూహాలు అన్నింటికన్నా ముందు పనికి దిగి, చివరివరకు కొనసాగుతాయి. మొత్తం కండరంపై భారం స్వల్పమే అయినా ఆ కొన్ని తంతువులకు విశ్రాంతి దొరకదు.

3. మనోవ్యగ్రత:
చేతులు కదలకపోయినా, ఏకాగ్రత అవసరమైన పని చేసేటప్పుడు మెడ, భుజాలను కలిపే ట్రెపీజియస్ కండరంలో విద్యుత్ చర్య పెరగడాన్ని ప్రయోగాలు గుర్తించాయి. అంటే మనసులోని ఒత్తిడి కండరంలో భారంగా మారగలదు. పని ఒత్తిడి అధికమై, పనిపై స్వీయనిర్ణయాధికారం తక్కువైనప్పుడు ఉద్యోగి ఎక్కువగా నలిగిపోతాడని కారసెక్ 1979లో ప్రతిపాదించిన నమూనా చెబుతుంది. ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయంలోని డిజిటల్ అసిస్టెంటును ఉదాహరణగా తీసుకోవచ్చు. ఎదురుగా దరఖాస్తుదారుల వరుస, మొరాయించే సర్వర్, ముంచుకొచ్చే గడువు – వీటిలో ఏదీ ఆ ఉద్యోగి చేతిలో లేదు. కుర్చీ మార్చినంత మాత్రాన ఈ స్థితి మారదు.

4. ఆస్ట్రేలియా అనుభవం:
1980వ దశకంలో ఆస్ట్రేలియాలో కీబోర్డు ఉద్యోగుల చేతి నొప్పుల ఫిర్యాదులు ఉధృతంగా పెరిగి, దశకం ద్వితీయార్ధంలో తగ్గాయి. ఇది శరీరానికి కలిగిన గాయమా, మానసిక కల్పనా అన్న వాదం వైద్యులను రెండు వర్గాలుగా చీల్చింది. బాధితులలో అధికసంఖ్యాకులు స్త్రీలు. తమ నొప్పి నిజమని నిరూపించుకోవలసిన భారం వారిపై పడింది. శరీరం, మనసు అన్న విభజనే ఇక్కడ చిక్కు తెచ్చింది. మానసిక ఒత్తిడి పాత్రను అంగీకరించడమంటే నొప్పి అబద్ధమని అంగీకరించడం కాదు.

5. కొలమానాలు – పరిమితులు:
1987 నాటి నార్డిక్ ప్రశ్నావళి తొమ్మిది శరీరభాగాలలో గత పన్నెండు నెలల, ఏడు రోజుల ఇబ్బందులను నమోదు చేస్తుంది. 1993 నాటి రూలా పద్ధతి చేతులు, మెడ, నడుముల భంగిమకు ఒకటి నుండి ఏడు వరకు అంకె ఇస్తుంది. 2012 నాటి రోసా కుర్చీ, తెర, ఫోను, మౌస్, కీబోర్డుల అమరికను పరిశీలిస్తుంది. మొదటిది నొప్పి ఎక్కడుందో చెబుతుంది, ఎందుకుందో చెప్పదు. తక్కిన రెండూ ప్రధానంగా భంగిమకు, పరికరాలకు పరిమితం. పైగా నొప్పి భరించలేక ఉద్యోగం మానినవారు ఒకసారి మాత్రమే జరిపే సర్వేలో లెక్కకు రారు. అందువల్ల అటువంటి సర్వే ఫలితం నష్టాన్ని తక్కువచేసి చూపే అవకాశం ఉంది.

6. ఉపసంహారం:
• తెర ముందు పనికి మధ్యమధ్య విరామం గానీ, పనిలో మార్పు గానీ ఉండాలని ఐరోపా సమాజం 1990 నాటి ఆదేశంలో యజమానులకు నిర్దేశించింది. విరామం ఉద్యోగి క్రమశిక్షణకు వదిలేయవలసిన విషయం కాదు, పని ఏర్పాటులో భాగం.
• అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తివ్యాధుల జాబితాలో కండర, అస్థి సంబంధ వ్యాధులు ఉన్నాయి. వీటిని వ్యక్తిగత బలహీనతగా కొట్టివేయడం తగదు.
• ఈ రంగంలో పరిశోధకులు భంగిమతోపాటు పని పరిమాణం, గడువులు, స్వీయనిర్ణయాధికారం, ఉద్యోగ భద్రతలను కూడా నమోదు చేయాలి. ఉద్యోగం మానినవారిని కూడా కలుసుకోవాలి. అప్పుడే రామజ్జీని చెప్పిన మూడవ కారణానికి తగిన స్థానం లభిస్తుంది.