తుప్పునీళ్ళతో బొమ్మలు

పిల్లలూ! పసుపు నీళ్ళలో కాస్త సున్నం కలిపితే ఎర్రటి నీళ్ళు వస్తాయి. హారతి ఇచ్చేటప్పుడు మీరంతా చూసినదే. పసుపు ఎర్రనిది కాదు, సున్నమూ ఎర్రనిది కాదు. రెండూ కలిసేసరికి మూడో రంగు పుట్టింది. ఇలాగే నలుపును కూడా పుట్టించవచ్చు. పుట్టించడమే కాదు, దానితో గుడ్డమీద బొమ్మలు కూడా వెయ్యవచ్చు. ఈ పని ఒక్కరు చేసేకన్న నలుగురైదుగురు స్నేహితులు కలిసి చేస్తే బాగా సాగుతుంది. ఎందుకో ముందుముందు మీకే తెలుస్తుంది.

ఈ విద్య కొత్తది కాదు. దీనినే కలంకారీ అంటారు. అంటే కలంతో చేసే పని అన్నమాట. మన శ్రీకాళహస్తిలో తరతరాలుగా రామాయణ భారత కథలను ఈ విధంగా గుడ్డలమీద చిత్రించి, దేవాలయాలలో వేలాడదీసేవారు. బొమ్మల కింద కథ తెలుగు అక్షరాలలో రాసి ఉండేది. మచిలీపట్నం ప్రాంతంలో తయారైన అద్దకం గుడ్డలు 17వ శతాబ్దంలో ఓడలెక్కి పారశీకానికీ, ఐరోపాకూ వెళ్ళాయి. ఈనాటికీ మచిలీపట్నం దగ్గర పెడనలో చెక్క అచ్చులతో గుడ్డలు అద్దుతున్నారు.

ఇంత పేరున్న విద్య కూడా ఒకప్పుడు అంతరించిపోయేటట్టు కనిపించింది. 20వ శతాబ్దం నడిమికి శ్రీకాళహస్తిలో ఈ పని తెలిసినవారు కొద్దిమందే మిగిలారు. అప్పుడు కమలాదేవి చట్టోపాధ్యాయ వంటి పెద్దలు పూనుకోగా, 1950ల దశకంలో అక్కడ ఒక శిక్షణ కేంద్రం వెలిసింది. చేయి తిరిగిన పనివారి పక్కన కూర్చుని కుర్రవాళ్ళు కలం పట్టడం నేర్చుకున్నారు. శ్రీకాళహస్తి చిత్రకారులు జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ లభించింది. పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేసినా ఉంటాయి. చేతిపని అలా కాదు. ఒక చేతినుంచి మరొక చేతికి అందకపోతే అది ఉండదు.

ఇక పనిలోకి దిగుదాం. ముందుగా నల్లనీళ్ళు కావాలి. గుప్పెడు తుప్పుపట్టిన ఇనుప మేకులు, 100 గ్రాముల బెల్లం, ఒక లీటరు నీళ్ళు తీసుకోండి. మేకులు పెద్దవాళ్ళచేత వేయించండి. తుప్పు మేకు గుచ్చుకుంటే ప్రమాదం సుమా! అన్నీ ఒక మట్టికుండలో గాని, గాజుసీసాలో గాని వేసి, మూతికి గుడ్డ కట్టండి. బిరడా బిగించకూడదు. బెల్లపునీళ్ళు పులిసేటప్పుడు గాలి పుడుతుంది. అది పైకి పోవడానికి దారి లేకపోతే సీసా పగలవచ్చు. రోజూ ఒకసారి కర్రతో కలుపుతూ పదిహేను ఇరవై రోజులు ఉంచండి. పులిసిన నీళ్ళలోని పులుపు ఇనుమును కొంచెం కొంచెంగా కరిగించుకుంటుంది. ఆ తరువాత వడగట్టుకోవాలి. దీనిని పనివారు కసీం అంటారు.

చిత్రమేమిటంటే ఈ నీళ్ళు కాటుకలా నల్లగా ఉండవు. మట్టిరంగులో పలచగా ఉంటాయి. మరి నలుపు ఎక్కడినుంచి వస్తుంది? సగం నలుపు గుడ్డలో దాగి ఉంటుంది!

గుడ్డను తయారుచేసేది ఇలాగ. గంజి లేని తెల్లని నూలుగుడ్డ తీసుకుని బాగా ఉతికి ఆరవెయ్యండి. అరలీటరు నీళ్ళలో రెండు పెద్ద చెంచాల కరక్కాయ పొడి, అరగ్లాసు కాచని గేదెపాలు కలపండి. అందులో గుడ్డను పావుగంట నానబెట్టి, పిండి, ఎండలో ఆరవెయ్యండి. గుడ్డ లేత పసుపురంగులోకి మారుతుంది.

కరక్కాయ కొరికితే నోరు వగరుతో ముడుచుకుంటుంది కదా! ఆ వగరుకు కారణమైన పదార్థాన్ని టానిన్ అంటారు. ఇనుము కరిగిన నీళ్ళు టానిన్‌ను తాకి, గాలి తగిలేసరికి నల్లబడతాయి. పూర్వం తాళపత్రాలూ, గంటాలూ పోయి కాగితాలు వచ్చాక, చాలా దేశాలలో రాతసిరా ఈ సూత్రంమీదనే చేసేవారు. మరి పాలెందుకు? పాలలోని కొవ్వు నూలుపోగులకు పట్టుకుని, గీత పక్కకు పాకకుండా ఆపుతుంది.

ఇప్పుడు కలం. సన్నని వెదురుపుల్ల కొసను పెన్సిలులాగ చెక్కించండి. కొసకు ఒక అంగుళం పైన గుడ్డపీలిక చుట్టి, దారంతో గట్టిగా కట్టండి. కసీంలో ముంచితే పీలిక నీళ్ళను పీల్చుకుంటుంది. వేళ్ళతో మెల్లగా నొక్కితే నీళ్ళు కొసకు దిగుతాయి. మొదట బొగ్గుతో బొమ్మ గీసుకుని, దానిమీద కలం నడపండి. కొద్దిసేపటిలోనే గీత నల్లబడుతుంటే మీకు కలిగే సంతోషం నేను చెప్పనక్కరలేదు. బొమ్మ బాగా ఆరిన తరువాత మంచినీళ్ళలో రెండు మూడుసార్లు జాడించాలి.

ఇక ముఖ్యమైన సంగతి. చాలామంది పిల్లలు కలిసి పని మొదలుపెడతారు. రెండోరోజుకు బొమ్మలు బాగా వేసేవాడు కలం పట్టుకుని కూర్చుంటాడు, మిగతావాళ్ళు చూస్తూ కూర్చుంటారు. మూడోరోజుకు వాళ్ళు రావడం మానేస్తారు. బడిలో ఇన్నేళ్ళు పిల్లలచేత పనులు చేయించినవాణ్ణి గనక ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఐదుగురుంటే ఐదు పనులు పంచుకోండి. ఒకరు కుండను చూడాలి, ఒకరు గుడ్డ తడపాలి, ఒకరు కలాలు కట్టాలి, ఒకరు బొగ్గుతో గియ్యాలి, ఒకరు కసీం గీత వెయ్యాలి. మరుసటిసారి పనులు మార్చుకోండి. కుండను ఇరవై రోజులు మరవకుండా కలిపినవాడు లేకపోతే చిత్రకారుడి గీత నల్లబడదు. ఆ సంగతి అందరికీ తెలియాలి.

ఇంకొకటి. కసీం మరక ఒకసారి పడితే చెరిపే రబ్బరు లేదు. ఎవరి చేతినుంచో బొట్టు జారి రాముడి ముఖంమీద పడిందనుకోండి. అప్పుడు "నీవల్లే చెడిపోయింది" అని ఒక్కరు అన్నా, ఆ పిల్లవాడు ఇక కలం ముట్టడు. అందుచేత మొదటినుంచీ ఒక చిత్తుగుడ్డ ప్రక్కన ఉంచుకోండి. ప్రతివారూ ముందు దానిమీద ఇరవై చుక్కలూ, ఇరవై గీతలూ వేసిన తరువాతనే అసలు గుడ్డ ముట్టాలి. గీత పాకితే కలంలో నీళ్ళు ఎక్కువయ్యాయన్నమాట, లేదా పాలు చాలలేదన్నమాట. గీత బూడిదరంగులో వస్తే కసీం ఇంకా పండలేదన్నమాట. తప్పు ఎవరిదని వెతక్కుండా, కారణం ఏమిటని వెతకండి. శాస్త్రజ్ఞులు చేసేదీ ఇదే.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలకు పాతబట్టలు తొడగండి, కసీం నోట్లో పెట్టుకోకుండా చూడండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగించండి. ఆ పైన, మొదటి గుడ్డ ఎంత వంకరగా వచ్చినా దానిని మీరు దిద్దకండి.

పిల్లలూ, ఆ మొదటి గుడ్డ మూలన కసీంతోనే తేదీ వేసి, ఐదుగురి పేర్లూ రాసి దాచండి. చిత్తుగుడ్డను కూడా పారవెయ్యకండి. వచ్చే సంవత్సరం ఇంకొక కుండ పెట్టినప్పుడు కొత్తగా చేరేవారికి ముందుగా చూపించవలసినది అదే.