భోషాణం మూత తీయండి!

అమ్మమ్మ అల్లిన లేసు దుప్పటి. పక్కనే ఆమె పెళ్లినాటి పట్టుచీర. అడుగున, పురిటి బిడ్డలను చుట్టిన మెత్తటి పాత నూలు చీర. గోదావరి జిల్లాల్లో పాతకాలం భోషాణం తెరిస్తే ఇలాంటి సంపదే కనిపిస్తుంది. తీరా మడత విప్పితే... తెల్లటి లేసు మీద పసుపు చారలు, పట్టుచీర మడత దగ్గర చిరుగు, ఓ మూల తుప్పు మరక! 'ఇన్నేళ్లూ కదపకుండా దాచామే' అని మనసు చివుక్కుమంటుంది. అసలు చిక్కు ఆ కదపకపోవడంలోనే ఉంది.

మిగిలింది ఒక్కటే!

నరసాపురంలో ఈ బాధ ఇంకాస్త ఎక్కువ. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి తీరానికి వచ్చిన లేసు అల్లిక ఇక్కడి చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటి పని అయింది. ఆ మహిళల మీద జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో ఓ పుస్తకమే రాశారు. రోజూ గంటల తరబడి అల్లుతున్నా, అది తీరిక వేళ కాలక్షేపంగానే లోకానికి కనిపించేదని అందులో చూపించారు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అయితే అల్లినవి చాలావరకు విదేశాలకు వెళ్లిపోయేవి. ఇంట్లో మిగిలేది ఏ ఒకటో రెండో. కొత్త లేసు కొట్లో దొరుకుతుంది, అమ్మ చేతి అల్లిక మళ్లీ దొరకదు కదా!

శత్రువు తేమే

ఇటు గోదావరి, అటు సముద్రం. గాలిలో ఎప్పుడూ తేమే. అది 70 శాతం దాటి అలాగే ఉంటే బట్టకు బూజు పడుతుంది. గంజి పెట్టిన బట్టయితే పురుగులకు విందే. అందుకే దాచే ముందు గంజి పూర్తిగా పోయేలా ఉతికి, బాగా ఆరనివ్వాలి. ప్లాస్టిక్ సంచిలో చుడితే లోపలి తేమ బయటికి పోదు. ఉతికి ఉతికి మెత్తబడ్డ తెల్ల పంచె ముక్కే మేలు.

టేకు పెట్టెకు చెదలు త్వరగా పట్టవు. అలాగని నిశ్చింత పనికిరాదు. చెక్క నుంచి వెలువడే ఆమ్లాల వల్ల తెల్లబట్ట పసుపెక్కుతుంది. లోపలి మేకుల తుప్పు లేసుకు అంటితే వదలదు. అడుగునా, పక్కలా నూలు గుడ్డ పరవాలి. పెట్టెను నేలకు ఆనించకుండా ఇటుకల మీద ఎత్తులో ఉంచాలి. కింద సన్నటి చెక్కపొడి రాలుతోందా? పుచ్చు పట్టినట్టే. వెంటనే బట్టలు బయటికి తీయండి.

లేసును మడవడం కన్నా గుడ్డ చుట్టిన గొట్టానికి చుట్టడం మంచిది. జరీ చీరను మూడు నెలలకోసారి మడత మార్చి పెట్టాలి. లేదంటే మడత దగ్గరే జరీ తెగుతుంది. ఎండు వేపాకు, వట్టివేళ్లు, లవంగాలు... ఏవి వేసినా చిన్న గుడ్డమూటలో కట్టి, బట్టకు తగలకుండా మూలన ఉంచాలి. వీటి వాసనకు పురుగులు కొంత వెనకాడతాయి గానీ, ఉన్న పురుగులు చావవు.

పసిబిడ్డలతో జాగ్రత్త!

కలరా ఉండల సంగతి మాత్రం వేరు. అవీ కర్పూరమూ ఒకేచోట పెడితే కరిగి మరకలవుతాయి. అంతకన్నా ముఖ్యం, వాటి మధ్య ఏళ్ల తరబడి ఉన్న గుడ్డలో పసికందును చుట్టకూడదు. పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో ఆ నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు చితికిపోయి కామెర్లు ముదరవచ్చు. లోపం ఉన్నట్టు పైకి తెలియదు. 'అమ్మమ్మ చీర' అని ముచ్చటపడి చుట్టాలనుకుంటే కలరా ఉండలు తగలని బట్టనే ఎంచుకోవాలి.

సంక్రాంతికి ఒకసారి

వానలు వెనకబడి, పొడిగాలి వీచే పుష్యమాసం ఈ పనికి అనువైన కాలం. పండక్కి ఆడపిల్లలూ పుట్టింటికి వస్తారు. ఆ రోజుల్లో ఓ పూట పెట్టె ఖాళీ చేసి, పొడిగుడ్డతో తుడిచి, బట్టల్ని ఎండ తగలని గాలిలో రెండు మూడు గంటలు ఆరవేస్తే చాలు. ఏది ఎవరు అల్లారో, ఏ పెళ్లికి కొన్నారో పెద్దవాళ్లు చెబుతుండగా ఓ గుడ్డపీలిక మీద రాసి, బట్టకు వదులుగా దారంతో కట్టండి. ఆ సంగతులు చెప్పేవాళ్లు మన మధ్య ఉండగానే అడిగి తెలుసుకోవాలి మరి!