గడువులోగా సమాధానం

సరైన సమాధానం కూడా తప్పయ్యే సందర్భాలున్నాయి. ఉద్యోగుల జీతాల పట్టికను తయారుచేసే కంప్యూటర్ పది నిమిషాలు ఆలస్యం చేసినా అంకెలు మారవు. ఢీకొన్న కారులో గాలిసంచిని విచ్చుకోమని ఆజ్ఞాపించే కంప్యూటర్‌కు అటువంటి వెసులుబాటు లేదు. ప్రమాదాన్ని పసిగట్టి, నిర్ణయం తీసుకొని, సంచిని నింపడమంతా సెకనులో పదోవంతు గడవకముందే ముగియాలి. ఆ తరువాత విచ్చుకున్న సంచి ప్రయాణికుణ్ణి కాపాడలేదు. ప్రాచీనులు కనురెప్పపాటును నిమేషమన్నారు. ఆ మాటే తెలుగులో నిమిషమై అరవై సెకన్లకు సాగింది. ఈ యంత్రానికి మాత్రం ఆ పాత నిమేషం కూడా దీర్ఘకాలమే.

ఈ విధంగా ఫలితంతో పాటు అది వెలువడే వేళ కూడా ముఖ్యమైన వ్యవస్థలను రియల్‌టైమ్ వ్యవస్థలంటారు. ఇవి అతివేగంగా పనిచేసే యంత్రాలన్న అభిప్రాయం లోకంలో ఉంది. అది సరికాదు. వేగం వేరు, వేళ తప్పకపోవడం వేరు. వేయిసార్లలో తొమ్మిది వందల తొంభై తొమ్మిదిసార్లు రెప్పపాటులో బదులిచ్చి, ఒక్కసారి తడబడే యంత్రం కంటే, కొంత నిదానమైనా ప్రతిసారీ గడువులోగా బదులిచ్చే యంత్రమే ఇక్కడ శ్రేష్ఠం. అన్ని గడువులూ ఒకే తీరువి కావు. ఫోను సంభాషణలో ధ్వని క్షణకాలం తెగితే విసుగు కలుగుతుంది, అంతే. విమానాన్ని నియంత్రించే కంప్యూటర్ విషయంలో అట్లా సరిపెట్టుకోలేరు.

1969 జులై 20న అపోలో 11 యాత్రికులు నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, బజ్ ఆల్డ్రిన్ చంద్రునిపై దిగుతుండగా ఈ సత్యానికి కఠిన పరీక్ష ఎదురైంది. వారి నౌకలోని కంప్యూటర్‌కు చెరిపి రాయదగిన జ్ఞాపకం సుమారు 4 కిలోబైట్లు మాత్రమే. ప్రతి రెండు సెకన్లకు ఒకసారి అది నౌక స్థితిని కొత్తగా గణించాలి. అప్పుడు అవసరం లేని ఒక రాడార్ నుంచి వ్యర్థ సంకేతాలు వచ్చిపడసాగాయి. వాటిని లెక్కించడానికే కొంత కాలం ఖర్చయింది. ఒక గణన ముగియకముందే మరొకటి ఆరంభమై, పనులకు చోటు చాలక, 1202 అనే హెచ్చరిక వెలిగింది.

యంత్రం అప్పుడు చేసిన పని గమనించదగినది. చేతిలోని పనులన్నిటినీ విడిచి, తనను తాను పునఃప్రారంభించుకొని, నౌకను నడిపే ముఖ్యగణనలను మాత్రం ఆగిన చోటి నుంచి అందుకొన్నది. అప్రధానమైన పనులను వదలివేసింది. హెచ్చరికలు పలుమార్లు వచ్చినా ఇంజను నియంత్రణ తప్పలేదు. ఏ పనిని వదులుకోవచ్చునో శాస్త్రజ్ఞులు ముందుగానే నిర్ణయించి ఉంచడమే ఇందుకు కారణం. హ్యూస్టన్‌లో ఉన్న స్టీవ్ బేల్స్‌కు అప్పుడు ఇరవై ఆరేండ్లు. కొద్దిరోజుల ముందు జరిగిన అభ్యాసంలో ఇటువంటి హెచ్చరికకే అతడు అవరోహణాన్ని అనవసరంగా విరమింపజేశాడు. ఆ పొరపాటు తరువాత జాక్ గార్మన్ హెచ్చరికల అర్థాలన్నిటినీ ఒక కాగితంపై రాసిపెట్టుకున్నాడు. ఆ కాగితం ఈసారి అక్కరకు వచ్చింది. యాత్ర కొనసాగింది.

పనుల ప్రాధాన్యాన్ని నిర్ణయించినంత మాత్రాన చిక్కులు తీరిపోవు. 1997 జులై 4న అంగారకునిపై దిగిన పాత్‌ఫైండర్ నౌక, ఉన్నట్టుండి పునఃప్రారంభం కాసాగింది. అందులో వాతావరణ వివరాలు సేకరించే పని తక్కువ ప్రాధాన్యం గలది. నౌక భాగాల మధ్య సమాచారాన్ని చేరవేసే పని అత్యధిక ప్రాధాన్యం గలది. రెండింటికీ ఉమ్మడిగా ఒక వనరు ఉంది. ఒకరు తాళంచెవి తీసుకుంటే రెండవవారు వేచి ఉండవలసిన గది వంటిది. చెవి చిన్నపని చేతిలో ఉండగా, మధ్యస్థమైన మరొక పని అడ్డువచ్చి దానిని నిలిపివేసేది. చెవి తిరిగి రాక పెద్దపని గడువు తప్పేది. అది గమనించిన కావలి వ్యవస్థ యంత్రాన్ని మొదటికి తెచ్చేది. ఆనాటి మిగిలిన పనులు మరునాటికి వాయిదా పడేవి.

ఇంజనీర్లు భూమిపై ఉన్న నమూనా యంత్రంలో ఈ దోషాన్ని మళ్లీ పుట్టించి, కారణం కనుగొన్నారు. పెద్దపని ఎదురుచూస్తున్నంతసేపు, చెవి గల చిన్నపనికి పెద్దపని హోదానే తాత్కాలికంగా ఇచ్చే ఏర్పాటు ఆ సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉంది. దానిని వినియోగంలోకి తేలేదు, అంతే. భూమి నుంచి పంపిన చిన్న సవరణతో అది అమలులోకి వచ్చింది. ముప్పై దినాలకని ఉద్దేశించిన ఆ నౌక 1997 సెప్టెంబరు 27 వరకు సమాచారం పంపింది.