వంజరం పుట్టిల్లు ఎక్కడ?

దేరా వాటర్‌ఫ్రంట్ మార్కెట్‌లో వంజరం బేరమాడేటప్పుడు మనందరిదీ ఒకటే ప్రశ్న: ఇది ఇక్కడి చేపా, ఒమాన్ నుంచి వచ్చిందా? అరబ్బీలో కనాద్, మలయాళీలకి నెయ్‌మీన్, హిందీవాళ్లకి సుర్మయి. పేర్లు ఎన్నున్నా చేప ఒకటే. మరి వంశం?

దీన్ని అబుదాబీలో పనిచేసిన జాన్ హూలిహన్, ఆయన సహచరులు పరిశోధించి 2006లో ప్రచురించారు. గల్ఫ్‌లో, హోర్ముజ్ జలసంధి అవతల ఒమాన్ సింధుశాఖలో, అరేబియా సముద్రంలో పట్టిన వంజరాల మైటోకాండ్రియా డీఎన్‌ఏని పోల్చి చూశారు.

బీఎస్సీలో చదివింది గుర్తుందా? కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకి సొంత డీఎన్‌ఏ ఉంటుంది. చేపల్లో అది సుమారు 16,500 అక్షరాల చిన్న వలయం. తల్లి నుంచే బిడ్డకి వస్తుంది, తండ్రిది కలవదు. మన ఇంటిపేరు, గోత్రం నాన్న వైపు నడిస్తే ఇది అమ్మమ్మ, ఆవిడ అమ్మ, అలా వెనక్కి పోతుంది. (నాకు ఇద్దరూ మగపిల్లలే. నా వలయం వాళ్లతో సరి!) ఇందులో కంట్రోల్ రీజియన్ అనే ముక్క త్వరగా మారుతుంది. రెండు గుంపులు చాలాకాలం కలవకుండా ఉంటే ఆ మార్పులు వేరువేరుగా పేరుకుంటాయి.

వంజరంలో అలాంటి తేడా కనబడలేదు. మూడు నీళ్లలోనూ ఒకే కుటుంబంలా తేలింది.

తమాషా ఏమిటంటే, అదే హూలిహన్ బృందం 2004లో సెయిల్‌ఫిష్‌ని చూస్తే కథ తిరగబడింది. వీపు మీద తెరచాపలాంటి రెక్కతో ఎంత దూరమైనా ఈదగల చేప అది. అయినా గల్ఫ్ సెయిల్‌ఫిష్ బయటివాటి నుంచి వేరుపడి ఉంది. ఈత వచ్చినంత మాత్రాన ఊరు దాటాలని లేదన్నమాట!

సుమారు 20,000 ఏళ్ల క్రితం, మంచుయుగంలో, సముద్రమట్టం బాగా తగ్గి ఈ గల్ఫ్ దాదాపు పొడినేల. సగటు లోతు ఇప్పుడైనా 35 మీటర్లే. నీళ్లు మళ్లీ హోర్ముజ్ గుండానే వచ్చాయి. అంటే ఇక్కడి సముద్రపు చేపల పూర్వీకులు కూడా మనలా బయటి నుంచి వచ్చినవాళ్లే.

ఒక జాగ్రత్త. ఈ పరీక్షలో తల్లుల కథే ఉంటుంది, మగచేపల తిరుగుళ్లు కనబడవు. పైగా తరానికి కొన్ని చేపలు అటూఇటూ మారినా చాలు, గుంపులన్నీ ఒకటిలాగే కనిపిస్తాయి. అందుకే దీన్ని చివరిమాటగా నేను తీసుకోను.

కానీ వంజరం నిజంగా ఒకే కుటుంబమైతే, ఒక దేశం వలలు ఎక్కువేస్తే పక్క దేశంలో పళ్లెం ఖాళీ. గుడ్లు పెట్టాల్సిన పెద్ద తల్లిచేపలు, ఇంకా ఎదగని పిల్లలు ఏ ఒడ్డున చిక్కినా నష్టం అందరిదీ. ఒమాన్‌లో ఆగస్టు 15 నుంచి అక్టోబర్ 15 దాకా వంజరం వేట నిషేధం. అది ఒక్క ఒడ్డున పాటిస్తే చాలదు. ఆ రెండు నెలలూ మా ఇంట్లో షేరీ పులుసే. మామిడికాయ వేస్తే బాగానే ఉంటుంది.