ఎండకాలంలో కంప్యూటర్ వేడి చూపే చిన్న తెర

కంప్యూటర్ లోపలి భాగాల వేడి, ఫ్యాన్ల వేగం, ప్రాసెసర్ మీద పడుతున్న పని, వోల్టేజీ వంటివాటిని ఎప్పటికప్పుడు చదివి అంకెల్లో చూపేది హార్డ్‌వేర్ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్. మానిటర్ మీద నాలుగు ప్రోగ్రాములు తెరిస్తే ఆ అంకెలు వాటి వెనక్కి పోతాయి. అందుకే ఆ అంకెలను, పక్కన పెట్టిన మూడు నాలుగు అంగుళాల తెర మీద ఎప్పుడూ కనబడేలా పెట్టుకునే అలవాటు గేమ్‌లు ఆడేవాళ్లలో ఎక్కువ. లాజిటెక్ సంస్థ 2005లో తెచ్చిన జీ15 కీబోర్డు పైభాగంలోనే ఇలాంటి చిన్న తెర ఉండేది. చాలామందికి ఇదొక సోకు. మే నెలలో గది గాలే 40 డిగ్రీలుండే కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో మాత్రం దీనికి అసలైన పని దొరుకుతుంది.

గాలితో చల్లబడే ప్రాసెసర్ ఎప్పటికీ గదిలోని గాలికంటే చల్లగా ఉండలేదు. పని అంతే, ఫ్యాన్ వేగం అంతే అనుకుంటే, గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ వేడీ దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. గది 20 డిగ్రీలున్న రోజున 65 చూపిన ప్రాసెసర్, గది 40కి చేరిన రోజున 85 చూపుతుంది. అందులో లోపమేమీ లేదు. రామగుండం, మంచిర్యాల, జగిత్యాల వైపు రోళ్లు పగిలే రోహిణి కార్తెలో బయటి ఉష్ణోగ్రత 45 దాటడం కొత్త కాదు. అదే ఆదిలాబాద్ జిల్లాలో డిసెంబర్ తెల్లవారుజామున 10 డిగ్రీల లోపుకు దిగుతుంది. అందువల్ల ఇక్కడ ‘ప్రాసెసర్ ఎంత వేడిగా ఉంది’ అన్న ప్రశ్నకంటే ‘గదికంటే ఎంత ఎక్కువ వేడిగా ఉంది’ అన్నదే పనికొచ్చే ప్రశ్న. తెర పక్కన ఒక మామూలు గది థర్మామీటర్ కూడా ఉంటే ఆ తేడా చూడగానే తెలిసిపోతుంది.

ఎండలు ముదిరే రోజుల్లోనే పెళ్ళిళ్ల సీజన్ కూడా నడుస్తుంది. ఫొటో స్టూడియోల్లో ఆల్బమ్ డిజైనింగ్, వీడియో మిక్సింగ్ గంటల తరబడి సాగేది అప్పుడే. రెండు మూడు గంటల పెళ్ళి వీడియోను రెండర్‌కు పెడితే ప్రాసెసర్ ఊపిరి తీసుకోకుండా పనిచేస్తుంది. వేడి హద్దుకు చేరగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి ఆ హద్దు 100 డిగ్రీలు, ఏఎండీ రైజెన్ 7000 వరుసలో చాలావాటికి 95. యజమానికి కనబడేది మాత్రం ఒక్కటే: నిన్నటి పని ఈరోజు ఆలస్యమవుతోంది. వైరస్ పడిందనో, ర్యామ్ చాలడం లేదనో అనుకుని డబ్బు ఖర్చు పెట్టేవాళ్లు ఉంటారు. పక్క తెర మీద వేడి, ప్రాసెసర్ వేగం (గిగాహెర్ట్జ్) రెండూ కనబడుతుంటే కారణం అక్కడే తేలిపోతుంది.

ఈ అంకెలు పుట్టేది చిప్పుల లోపలే. ఇంటెల్ ప్రాసెసర్‌లోని సెన్సర్ తన హద్దుకు ఇంకా ఎన్ని డిగ్రీల దూరంలో ఉందో చెబుతుంది. ఆ దూరాన్ని హద్దులోంచి తీసివేసి సాఫ్ట్‌వేర్ ఉష్ణోగ్రతగా చూపుతుంది. ఫ్యాన్ల సంగతి వేరు. ఫ్యాన్ ఒకసారి తిరిగితే రెండు పల్స్‌లు పంపుతుంది, మదర్‌బోర్డు మీద ఉండే ఒక నియంత్రణ చిప్పు వాటిని లెక్కపెడుతుంది. ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఈ ఫ్యాన్ లెక్క బయటి సాఫ్ట్‌వేర్‌కు అందదు.

విండోస్ మీద ఈ పనికి ఎక్కువగా వాడేవి మూడు. హంగరీకి చెందిన ఫైనల్‌వైర్ తయారుచేసే ఐడా64 డబ్బు పెట్టి కొనాల్సినది. బయటి తెరలకు దానంత విస్తారమైన ఏర్పాటు మరొకదానిలో కనబడదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో సొంత వాడకానికి ఉచితం, సెన్సర్ల వివరాలు చాలా లోతుగా ఇస్తుంది. మూడోది లిబ్రే హార్డ్‌వేర్ మానిటర్, పూర్తిగా ఉచితం, సోర్సు కోడ్ కూడా అందరికీ తెరిచి ఉంటుంది. లినక్స్ వాడేవాళ్లకు ఎల్ఎం-సెన్సర్స్, ఎల్‌సీడీప్రాక్ ఉన్నాయి.

తెరల్లో అన్నిటికంటే పాతది పదహారు అక్షరాల రెండు వరుసల ఎల్‌సీడీ. ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టు చేసినవాళ్లందరూ దాన్ని ఆర్డ్యూయినో బోర్డుకు తగిలించి చూసినవాళ్లే. చవక, కానీ రెండు వరుసల్లో నాలుగైదు అంకెలకంటే పట్టవు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎక్కువగా దొరికేది యూఎస్‌బీతో నడిచే మూడున్నర అంగుళాల రంగుల తెర. కొనేముందు దీని గురించి ఒక సంగతి తెలియాలి: విండోస్ దీన్ని మానిటర్‌గా గుర్తించదు. సీరియల్ పోర్టుకు తగిలించిన పరికరంగానే చూస్తుంది, కాబట్టి దానికి సరిపడే సాఫ్ట్‌వేర్ నడుస్తుంటేనే బొమ్మ పడుతుంది. హెచ్‌డీఎంఐతో పనిచేసే ఐదు, ఏడు అంగుళాల తెరలు అలా కాదు. విండోస్‌కు అవి మామూలు రెండో మానిటర్లే, సాఫ్ట్‌వేర్ కిటికీని అటు లాగి వదిలితే చాలు. గ్రాఫిక్స్ కార్డు వెనక ఖాళీ పోర్టు మాత్రం ఉండాలి.

ఇవేవీ కొనకుండా ఇంట్లో మూలనపడ్డ పాత ఫోన్‌నే తెరగా మార్చుకునే దారి ఉంది. లిబ్రే హార్డ్‌వేర్ మానిటర్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఆప్షన్స్‌లో రిమోట్ వెబ్ సర్వర్‌ను ఆన్ చేయాలి. ఫోన్ అదే వైఫైలో ఉండాలి. ఫోన్ బ్రౌజర్‌లో కంప్యూటర్ ఐపీ చిరునామా కొట్టి, దాని పక్కన కోలన్ పెట్టి 8085 అని చేరిస్తే సెన్సర్ల జాబితా వచ్చేస్తుంది. రాకపోతే విండోస్ ఫైర్‌వాల్ అడ్డుపడుతుండవచ్చు, అందులో అనుమతి ఇవ్వాలి. చూడ్డానికి అందమేమీ ఉండదు. ముళ్లు తిరిగే మీటర్లు, గ్రాఫులు కావాలంటే ఐడా64లోని రిమోట్‌సెన్సర్ వాడుకోవచ్చు. ఒక జాగ్రత్త తప్పదు. 40 డిగ్రీల గదిలో రోజంతా ఛార్జింగ్‌లో ఉన్న పాత ఫోన్ బ్యాటరీ ఉబ్బవచ్చు. పని అయిపోగానే వైరు పీకేయాలి.

తెర నిండా ముప్పై అంకెలు నింపితే ఒక్కటీ కంటికి ఆనదు. ప్రాసెసర్ వేడి, దాని వేగం, ఫ్యాన్ వేగం, గ్రాఫిక్స్ కార్డు వేడి, హార్డ్ డిస్క్ వేడి చాలు. వీటిలో చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. ప్రాసెసర్ వేడెక్కితే వేగం తగ్గించుకుని బతుకుతుంది, తిరిగే హార్డ్ డిస్క్‌కు ఆ తెలివి లేదు. చాలా డిస్కులకు తయారీదారులు పెట్టిన గరిష్ఠ హద్దు 60 డిగ్రీలే. గది 42 ఉండి, ఎదురుగా ఫ్యాన్ లేని మూలలో డిస్క్ బిగించి ఉంటే ఆ హద్దుకు ఎంతో దూరం మిగలదు. ఏళ్ల తరబడి తీసిన పెళ్ళి వీడియోలన్నీ ఒకే డిస్క్‌లో దాచే స్టూడియోకు ఆ అంకె అన్నిటికంటే ముఖ్యం.

ఫ్యాన్ వేగం దుమ్ము కథ చెబుతుంది. గదీ, పనీ మారకుండానే ఫ్యాన్ మునుపటికంటే గట్టిగా తిరుగుతూ వేడి మాత్రం తగ్గకపోతే, హీట్‌సింక్ రెక్కల మధ్య దారి మూసుకుపోయిందన్నమాట. ఆదిలాబాద్‌లో జిన్నింగు మిల్లుల దగ్గర, సిరిసిల్లలో మరమగ్గాల పక్కన ఉండే దుకాణాల్లో ఇది త్వరగా జరుగుతుంది. దూది నూగు రెక్కల మీద పలచని దుప్పటిలా పరుచుకుంటుంది. ఫ్యాన్ విప్పితేగానీ అది కంటపడదు. గోదావరిఖని, శ్రీరాంపూర్, బెల్లంపల్లి వంటి బొగ్గు ఊళ్లలో నల్లటి మెత్తని దుమ్ము చేరుతుంది. కంప్యూటర్ పవర్ పూర్తిగా తీసేసి, ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్‌తో ఊదితే రెండిటికీ విరుగుడే. శుభ్రం చేయకముందు అంకె, చేశాక అంకె రాసిపెట్టుకుంటే మళ్లీ ఎప్పుడు ఊదాలో తెర చెబుతుంది.

పొడి ఎండలుండే ఈ జిల్లాల్లో గడ్డి తడికల కూలర్ బాగా పనిచేస్తుంది. గది గాలి చల్లబడితే ఆ మేరకు తెర మీది అంకెలూ దిగుతాయి. కానీ కూలర్ గాలి నేరుగా సీపీయూ డబ్బా మీదికి కొట్టేలా పెట్టకూడదు. నీటి తుంపర్లు లోపలికి పోతే ఏ సెన్సరూ ముందుగా హెచ్చరించదు.

తెర అబద్ధమూ చెబుతుంది. ఏ సెన్సరూ తగిలించని చోటును చదివి 127 డిగ్రీలని చూపే బోర్డులున్నాయి, దానికి బెదరనక్కర్లేదు. వోల్టేజీ అంకెలు కూడా ఒక్కోసారి నమ్మదగినవి కావు. 12 వోల్టుల లైను 11.4కు, 12.6కు మధ్య ఉండాలి. సాఫ్ట్‌వేర్ 9 చూపినా కంప్యూటర్ హాయిగా నడుస్తుంటే మల్టీమీటర్‌తో చూశాకే ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) మార్చాలి. ఇంతకంటే మోసకారి ఆగిపోయిన తెర. సాఫ్ట్‌వేర్ మధ్యలో మూతపడితే కొన్ని యూఎస్‌బీ తెరలు చివరి అంకెలనే చూపుతూ ఉంటాయి. లోపల 95 దాటినా బయట 62 అనే కనబడుతుంది. తెర మూలన సెకన్లతో సహా గడియారం పెడితే అది ఆగగానే సంగతి తెలుస్తుంది.

సెన్సర్లు చదవడానికి ఈ ప్రోగ్రాములు విండోస్ లోపలి పొరల్లో డ్రైవర్ వేస్తాయి. ఇలాంటి ప్రోగ్రాములు కొన్ని చాలాకాలం వాడిన విన్‌రింగ్0 అనే డ్రైవర్‌లో భద్రతా లోపం ఉండటంతో 2025లో విండోస్ డిఫెండర్ దాన్ని అడ్డుకోవడం మొదలుపెట్టింది. హెచ్చరిక వచ్చిందని డిఫెండర్‌నే ఆపేయడం తప్పు. ప్రోగ్రామ్ కొత్త వెర్షన్‌ను తయారీదారు సైటు నుంచే దించుకోవాలి. పెన్‌డ్రైవ్‌లో చేతులు మారి వచ్చిన క్రాక్ కాపీకి ఇంత అధికారం ఇవ్వకూడదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు పాత ఫోన్‌తో, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒక ఎండకాలం గడిపి చూడటం మేలు. తెరకు పెట్టే డబ్బుతో డిస్క్ ఎదురుగా ఒక ఫ్యాన్ అదనంగా బిగించుకుంటే చాలా దుకాణాలకు అదే ఎక్కువ లాభం.