రుజువు ఆగిన చోట దొరికిన తప్పు

1986లో అమెరికాలోని టైలర్ ఊళ్లో థెరాక్-25 అనే రేడియేషన్ యంత్రం ఇద్దరు క్యాన్సర్ రోగులకు మోతాదుకు ఎన్నో రెట్లు కిరణాలు పంపింది. ఇద్దరూ చనిపోయారు. ఆపరేటర్ స్క్రీన్ మీది వివరాలను చకచకా దిద్దితేనే ఆ లోపం పైకి వచ్చేది. నిదానంగా దిద్దితే అంతా సవ్యమే.

ఏకకాలంలో నడిచే ప్రోగ్రాముల్లో తప్పులు ఇలాగే దాక్కుంటాయి. పదేసి అడుగులున్న రెండు థ్రెడ్లు (ఒకేసారి నడిచే ఆదేశాల వరసలు) 1,84,756 వరసల్లో కలగలవచ్చు. పరీక్షలు వాటిలో కొన్నింటినే చూస్తాయి. అన్నింటికీ వర్తించే మాట చెప్పాలంటే గణిత రుజువు కావాలి.

అలాంటి రుజువులను సరిచూసే సాధనం కాక్. 1984లో ఫ్రాన్సులోని ఇన్‌రియా సంస్థలో తియరీ కొకాన్, జెరార్ యుయే దీనికి శ్రీకారం చుట్టారు. దారి వెతికేది మనిషి. ప్రతి మెట్టునూ తనిఖీ చేసేది కాక్‌లోని ఒక చిన్న భాగం. 2025లో దీని పేరు రాక్‌గా మారింది.

అయితే థ్రెడ్ల సంగతి తేల్చే తర్కం వేరే చోట పెరిగింది. 1976లో సుసాన్ ఒవికీ, డేవిడ్ గ్రీస్ ఇచ్చిన పద్ధతిలో, ఒక థ్రెడ్ రుజువులోని ఏ మాటనూ మరో థ్రెడ్ వేసే ఏ అడుగూ చెడగొట్టదని చూపాలి. ప్రోగ్రామ్ పెరిగేకొద్దీ అది తలకు మించిన పని. పీటర్ ఓహెర్న్, స్టీఫెన్ బ్రూక్స్ 2004లో దీన్ని ఎంతో అందంగా విప్పారు: మెమరీలో ఏ ముక్క ఎవరి సొంతమో రుజువులోనే రాయాలి. ఒకసారి ఒక్క థ్రెడ్‌కే అందే లాక్‌ను పట్టుకున్న థ్రెడ్‌కు ఆ ముక్క దక్కుతుంది, వదిలితే పోతుంది. ఎవరి ముక్క వారిదైనప్పుడు ఎవరి రుజువు వారు విడిగా చేసుకోవచ్చు. ఈ కృషికి 2016లో వారికి గోడెల్ బహుమతి దక్కింది.

ఆ ఆలోచనను మరింత పెంచి కాక్‌లో నిలబెట్టిన తర్కం ఐరిస్, 2015లో వచ్చింది. దాని ఆధారంగా జర్మనీలోని సార్‌బ్రూకెన్‌లో రాల్ఫ్ యుంగ్, డెరెక్ డ్రేయర్ బృందం రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష భద్రతను రుజువు చేయడానికి పూనుకుంది. 2017లో, లాక్ పట్టుకున్నంతసేపు డేటాను అందించే మ్యూటెక్స్‌గార్డ్ దగ్గర తప్పు బయటపడింది. అది రుజువులోది కాదు, రస్ట్ లైబ్రరీలోదే! ఒకేసారి రెండు థ్రెడ్లు తాకకూడని డేటాను ఆ గార్డ్ ద్వారా తాకుతున్నా కంపైలర్ ఊరుకుంటోంది. ఒక్క షరతు చేర్చి దాన్ని సరిదిద్దారు.

2018లో వెలువడిన ఆ రుజువు, థ్రెడ్లన్నీ మెమరీ మార్పులను ఒకే వరసలో చూస్తాయని అనుకుంది. నిజమైన ప్రాసెసర్లలో ఆ హామీ లేదు. ఆ హామీ లేకపోవడాన్నీ లెక్కలోకి తీసుకున్న రుజువు 2020లో వచ్చింది. దాన్ని కడుతుండగానే ఆర్క్ అనే మరో రస్ట్ భాగంలో, అంతవరకూ ఎవరి కంటా పడని ఇంకో తప్పు దొరికింది.